క్రెడిట్ రిపోర్టులో తప్పులున్నాయి. రిపేర్ కంపెనీకి డబ్బు కట్టవచ్చా?

ప్రశ్న

మేము అమెరికాలో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాము. ఇటీవల ఇంటి లోనుకు దరఖాస్తు చేస్తే, నా క్రెడిట్ రిపోర్టులో, అంటే అప్పులు, చెల్లింపుల చరిత్రలో, కలెక్షన్‌కు (బాకీ వసూలు చేసే ఏజెన్సీకి) వెళ్లిన ఖాతాలు రెండు ఉన్నాయంటూ తిరస్కరించారు. వాటిలో ఒకటి ఉద్యోగం పోయిన రోజుల్లో నేను కట్టలేకపోయిన కార్డు బాకీ. రెండోది నేను ఎన్నడూ తెరవని ఖాతా. వారం తిరగకముందే ఒక క్రెడిట్ రిపేర్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. రెండింటినీ అరవై రోజుల్లో తీయించి, స్కోరును నూరు పాయింట్లు పెంచుతామని, అయితే రుసుము ముందే కట్టాలని అన్నారు. వీరిని నమ్మవచ్చా? నమ్మదగిన కంపెనీని ఎలా గుర్తించాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం

అండీ, ముందుగా ఆ కంపెనీకి డబ్బు కట్టకండి. కారణం కింద వివరిస్తాను, కాని దానికన్నా ముందు మీ రెండు ఖాతాలను విడదీసి చూడాలి, ఎందుకంటే ఇటువంటి కంపెనీలు ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం వల్లనే మనవాళ్లు మోసపోతున్నారు.

కార్డు బాకీ నిజమైనది. వివరాలు సరిగ్గా ఉండి, కాలం తీరని నమోదును బ్యూరో (క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే సంస్థ) చేత బలవంతంగా తీయించే హక్కు ఎవరికీ లేదు. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం అది సుమారు ఏడేళ్లు రిపోర్టులో ఉంటుంది. ఆ ఏడేళ్ల లెక్కకు ఆధారం మీరు మొదటిసారి వాయిదా తప్పి, తిరిగి దారికి తెచ్చుకోలేకపోయిన తేదీ; బాకీని కలెక్షన్ ఏజెన్సీ కొనుక్కున్న తేదీ కాదు. కొన్ని ఏజెన్సీలు ఈ తేదీని అసలుకన్నా తరువాతిదిగా మార్చి చూపుతాయి కాబట్టి, బాకీ నిజమే అయినా తేదీని, మొత్తాన్ని మాత్రం తప్పక సరిచూసుకోండి. అక్కడ తప్పుంటే దాన్ని ప్రశ్నించే హక్కు మీకు పూర్తిగా ఉంది.

మీరు తెరవని ఖాతా సంగతి వేరు. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు బ్యూరోల రిపోర్టులనూ యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్ నుంచి వారానికొకసారి ఉచితంగా తీసుకోవచ్చు. ఒక బ్యూరోలో ఉన్నది మరొక దానిలో లేకపోవచ్చు కనుక మూడూ తీయండి. ఈ రిపోర్టులో స్కోరు ఉండదు, దాని గురించి ఇప్పుడు దిగులు పడనక్కరలేదు. ముందుగా చదవవలసింది చాలామంది దాటేసే వ్యక్తిగత వివరాల భాగం. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర, మరొకచోట ఒక్క అక్షరంగా నమోదవుతుంది కాబట్టి, పేరు కలిసిన వేరొకరి ఖాతాలు మన ఫైలులో చేరే ప్రమాదం ఉంది. నా రిపోర్టులో అలాగే ఎవరిదో కారు లోను వచ్చి చేరింది. నేను ఏనాడూ నివసించని చిరునామా ఒకటి ఆ భాగంలో కనిపించడం వల్లనే అసలు సంగతి బయటపడింది. మీ రిపోర్టులోనూ తెలియని చిరునామా ఉంటే అది ఫైళ్లు కలిసిపోయిన సూచన కావచ్చు. అలా కాక, మీ సోషల్ సెక్యూరిటీ నంబరుతోనే ఎవరో ఖాతా తెరిచి ఉంటే అది గుర్తింపు చౌర్యం. అప్పుడు ఐడెంటిటీ థెఫ్ట్ డాట్ గవ్‌లో ఫిర్యాదు నమోదు చేసి, మూడు బ్యూరోలలోనూ క్రెడిట్ ఫ్రీజ్ (మీ పేరుతో కొత్త ఖాతాలు తెరవకుండా రిపోర్టుకు వేసే తాళం) పెట్టించండి. ఫ్రీజ్‌కు రుసుము లేదు.

ఆపైన ఆ ఖాతా కనిపించిన ప్రతి బ్యూరోకు డిస్ప్యూట్, అంటే నమోదు తప్పని తెలిపే అభ్యంతరం, పంపాలి. ఆన్‌లైన్‌లోనూ చేయవచ్చు గాని, ఏ నమోదు ఎందుకు తప్పో స్పష్టంగా రాసి, ఆధారాల నకళ్లు జతచేసి, రసీదు వచ్చే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపడమే మేలని నా అభిప్రాయం. సాధారణంగా 30 రోజుల్లో బ్యూరో విచారణ ముగించాలి. మీరు మధ్యలో అదనపు సమాచారం పంపితే మరో 15 రోజులు పట్టవచ్చు. రిపేర్ కంపెనీ చేసేది కూడా ఇంచుమించు ఈ ఉత్తరాలు రాయడమే.

ఇక కంపెనీ విషయం. 1996 నాటి క్రెడిట్ రిపేర్ ఆర్గనైజేషన్స్ చట్టం ప్రకారం, ఒప్పుకున్న పని పూర్తి కాకముందే రుసుము తీసుకోకూడదు. మీ హక్కులను తెలిపే పత్రం ముందుగా ఇచ్చి, చేసే పని, గడువు, మొత్తం ఖర్చు చూపే లిఖిత ఒప్పందం కుదుర్చుకోవాలి. సంతకం చేశాక మూడు పనిదినాల లోపు ఏ కారణమూ చెప్పకుండా దాన్ని రద్దు చేసుకోవచ్చు. ఫోన్ ద్వారా అమ్మే సేవలపై నియమం ఇంకా కఠినంగా ఉంటుంది. ఫలితం వచ్చిన ఆరు నెలల తరువాత కూడా అది నిలిచి ఉన్నట్టు కొత్త రిపోర్టుతో చూపిన పిమ్మటే రుసుము అడగాలి. ఈ నియమాన్ని ఉల్లంఘించారన్న కేసులో లెక్సింగ్టన్ లా, క్రెడిట్ రిపేర్ డాట్ కామ్ సంస్థలపై 2023లో 270 కోట్ల డాలర్ల తీర్పు నమోదైంది. పేరు పెద్దదైనంత మాత్రాన నమ్మదగినది కాదని దీన్నిబట్టి గ్రహించండి. మీకు ఫోన్ చేసినవారు డబ్బు ముందే అడిగారు, ఫలితానికి హామీ కూడా ఇచ్చారు. నాకైతే ఈ రెండూ చాలు, ఇక వారితో మాట్లాడవలసిన అవసరం లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరుకు బదులు సీపీఎన్ అనే మరో నంబరు వాడమని ఎవరైనా చెబితే వెంటనే ఫోన్ పెట్టేయండి. లోను దరఖాస్తులో తప్పుడు నంబరు రాస్తే నేరం మీ మెడకు చుట్టుకుంటుంది.

మరొక సభ్యురాలి ప్రశ్న

నేను ఇలాగే డిస్ప్యూట్ పంపితే, విచారించామని, ఖాతా నాదేనని నిర్ధారణ అయిందని రెండు వాక్యాల్లో జవాబిచ్చారు. అప్పుడైనా కంపెనీ సాయం తీసుకోవాలా?

సమాధానం

అప్పుడూ అక్కర్లేదమ్మా. ఎలా నిర్ధారించారో తెలపమని బ్యూరోను లిఖితపూర్వకంగా అడగండి, 15 రోజుల్లో వారు చెప్పాలి. బ్యూరోకు ఆ ఖాతా సమాచారం పంపిన బ్యాంకుకో ఏజెన్సీకో నేరుగా మరో డిస్ప్యూట్ పంపండి. కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరో అనే ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు చేయండి. నాకు రెండోసారి కూడా ఇదే జవాబు వస్తే, ఆ ఫిర్యాదు తరువాతనే ఖాతా తొలగింది. అయినా కదలకపోతే ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం తెలిసిన వినియోగదారుల న్యాయవాదిని కలవండి. కేసు గెలిస్తే న్యాయవాది రుసుమును అవతలి పక్షం చెల్లించాలని చట్టంలోనే ఉంది కాబట్టి, ముందుగా డబ్బు తీసుకోకుండా వాదించేవారు దొరుకుతారు. మీ ఉత్తరాల నకళ్లు, మెయిల్ రసీదులు అన్నీ దాచి ఉంచండి, వారు మొదట అడిగేవి అవే.