సంక్రాంతి సెలవుల్లో ఇంక్యుబేటర్ రీడింగ్ ఎవరు తీశారని అడిగారు. ఇప్పుడు రిజిస్టర్ తిరగరాయమంటున్నారు

బెంచి_కెమిస్ట్:

అందరికీ నమస్కారం. నేను రాయలసీమలో ఒక ప్రైవేట్ నీళ్ల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక చేరాను, రెండున్నరేళ్లయింది. ఊరి పేరు, ల్యాబ్ పేరు అడగొద్దు. పొలం బోర్లు, స్కూళ్ల బోర్లు, అపార్ట్‌మెంట్ సంపులు, వాటర్ ప్లాంట్ల క్యాన్లు అన్నీ వస్తాయి. ఫ్లోరైడ్, హార్డ్‌నెస్, క్లోరైడ్, నైట్రేట్ నేనే చేస్తాను. మైక్రోబయాలజీ మేడం ప్రసూతి సెలవులో ఉన్నారు కాబట్టి ఆ గది లాగ్‌బుక్‌లు కూడా నా మెడకే పడ్డాయి.

పోయిన వారం ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు, అంటే అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థ) అసెసర్ వచ్చారు. పెద్దాయన, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ముందు రోజు రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని మేం ఫైళ్లకు లేబుళ్లు అంటించాం. ఆయన వాటి వైపే చూడలేదు. ట్రేలో ఉన్న రిపోర్టుల్లోంచి ఒకటి లాగి, "దీని వెనక ఏమేం ఉన్నాయో చూపించమ్మా" అన్నారు. శాంపిల్ ఎప్పుడొచ్చింది, ఏ సీసాలో వచ్చింది, తెలిసిన మోతాదుల స్టాండర్డ్‌లతో ఆ రోజు గీసిన కర్వ్ ఏది, ఆ స్టాండర్డ్ ఏ బాటిల్ నుంచి చేశారు, ఆ బాటిల్ సర్టిఫికెట్ ఏది, పిపెట్ కాలిబ్రేషన్ ఎప్పుడయింది... ఆ ఒక్క కాగితం పట్టుకుని గదులన్నీ తిరిగారు. అన్నీ దొరికాయి. చివరికి నా ఫ్లోరైడ్ రిజిస్టర్ తెరిచి, పేజీ మీద వేలు పెట్టి పైనుంచి కింద దాకా జరిపారు. "ఒక్క కొట్టివేత లేదు. మొత్తం ఒకే పెన్ను. ఇవి మెషీన్ ముందు కూర్చుని రాసినవేనా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. స్పెక్ట్రో (రంగు కొలిచే మెషీన్) దగ్గర చిట్టీల మీద రాసుకుని, సాయంత్రం రిజిస్టర్‌లోకి ఎక్కించి, చిట్టీ పడేస్తామని చెప్పాను.

తర్వాత బ్యాక్టీరియా ప్లేట్లను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రత లాగ్. నెలంతా 35.0, 35.0, 35.0. ఆయన జనవరి పేజీ తిప్పి, "పండగ మూడు రోజులూ ల్యాబ్ తెరిచే ఉంచారా?" అని అడిగారు. భోగి, సంక్రాంతి, కనుమ మూడింటికీ ఎదురుగా నా సంతకం ఉంది. పండక్కి మా ఊరెళ్లి, వచ్చిన రోజు పొద్దున ఒకేసారి నింపేశాను. అలా చేయకూడదని తెలుసు. ఇంక్యుబేటర్‌లో అప్పుడు శాంపిళ్లేమీ లేవు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఆయన పేజీ నంబరు తన పుస్తకంలో రాసుకున్నారు. రెండు ఎన్‌సీలు (నాన్ కన్ఫార్మిటీలు, అంటే సరిదిద్ది జవాబివ్వాల్సిన లోపాలు) పడ్డాయి.

ఇప్పుడు మా ఓనరు గారు కొత్త రిజిస్టర్లు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. లాగ్‌లో 34.8, 35.1, 35.2 అని మార్చి మార్చి రాయాలట. పాత తేదీలు వేసి చిట్టీలు కూడా తయారు చేయాలట. పాతవి ఎక్కడో పెట్టేద్దాం అంటున్నారు. మనిషి చెడ్డవారు కాదు, జీతం ఒక్క నెల ఆలస్యం చేయలేదు. నాకు తమ్ముడి చదువు ఉంది, ఉద్యోగం పోతే ఇబ్బంది. కానీ చేయి రావడం లేదు. ఈ ఎన్‌సీలు నిజం చెప్పి క్లోజ్ చేసే దారి ఉందా? ఈ ఫీల్డులో ఉన్నవాళ్లు చెప్పండి.

వాటర్‌ప్లాంట్_వాలా:

చెల్లీ, అన్ని చోట్లా జరిగేదే ఇది. రాసిచ్చెయ్. ఒక సంవత్సరం ఎక్స్‌పీరియెన్స్ వచ్చాక వేరే చోటికి వెళ్లు. ఉద్యోగం పోగొట్టుకుని నిజాయితీగా ఉంటే ఇంట్లో బియ్యం రావు.

పాత_బ్యూరెట్:

అమ్మా, ముప్పై ఒక్క సంవత్సరాలు నీళ్ల ల్యాబుల్లోనే చేసి రిటైరయ్యాను. పై అబ్బాయి చెప్పిన మాట నువ్వు వినొద్దు.

ముందు ఉద్యోగం సంగతి చూద్దాం. అసెసర్ పేజీ నంబరు రాసుకున్నారన్నావు. రేపు క్లోజర్‌కి పంపే కాపీలో అదే పేజీ కొత్త చేతిరాతతో, కొత్త అంకెలతో కనిపిస్తే ఆయనకు తెలియదా? చిట్టీలు లేవని నీ నోటితోనే చెప్పావు, ఇప్పుడు చిట్టీలు ఎక్కడి నుంచి పుట్టాయంటారు. ఇవాళ ఉన్నవి సరిదిద్దుకోదగ్గ తప్పులు. దొంగ రికార్డు అని తేలితే అక్రెడిటేషన్‌కే ఎసరు. మీ ఓనరు గారికి నీతి చెప్పకు, ఈ లెక్క చెప్పు. వ్యాపారం చేసే మనిషికి వెంటనే ఎక్కుతుంది.

ల్యాబులు పాటించాల్సిన ప్రమాణం ఐఎస్‌ఓ 17025లో 7.5 క్లాజు చదువు. చూసిన అంకె చూసిన క్షణంలోనే రాయాలి అంటుంది. తర్వాత దిద్దితే పాతదీ కనపడాలి, కొత్తదీ కనపడాలి, ఎవరు దిద్దారో, ఏ రోజు దిద్దారో ఉండాలి. నీట్‌గా ఉండాలని ఎక్కడా లేదు. మా రోజుల్లో నా హార్డ్‌నెస్ పుస్తకం మీద బఫర్ మరకలు, ఈబీటీ ఇండికేటర్ నీలం మరకలు ఉండేవి. అమ్మోనియా వాసన ఇప్పటికీ పోలేదు. ఆ పుస్తకం చూసి ఏ ఇన్‌స్పెక్టరూ నన్ను తప్పు పట్టలేదు.

ఒక్కటి అడుగుతాను. చిట్టీలు అన్నీ పారేశావా? డ్రాయర్లో, ఏప్రాన్ జేబులో ఏమైనా మిగిలాయా? ఉంటే ఒక్కటి కూడా పారేయకు. నీ దగ్గరున్న అసలు రికార్డు అదే. రిజిస్టర్ దాని నకలు. చిట్టీ పక్కన రిజిస్టర్ పెట్టి ఒక్కో అంకె సరిచూడు. ఈ పని ఎన్‌సీ కోసం కాదు, నీళ్లు తాగేవాళ్ల కోసం.

గ్వెల్ఫ్_గుంటూరు:

నేను కెనడాలో ఒంటారియోలో తాగునీటి ల్యాబ్‌లో చేస్తున్నాను. మాది గుంటూరు. ఇక్కడ చేరిన మొదటి వారంలోనే మాకు వాకర్టన్ కథ చెప్తారు.

వాకర్టన్ ఐదు వేల మంది కూడా లేని చిన్న ఊరు. 2000 మే నెలలో అక్కడి కుళాయి నీళ్లలో ఈ.కోలై చేరి ఏడుగురు చనిపోయారు, 2300 మందికి పైగా జబ్బు పడ్డారు. విచారణ చేసిన జస్టిస్ ఒకానర్ బయటపెట్టిన విషయాల్లో ఒకటి క్లోరిన్ లాగ్‌షీట్. అక్కడి ఆపరేటర్లు ఏళ్ల తరబడి క్లోరిన్ కొలవకుండానే 0.5 అనో 0.75 అనో రాసేవారు. ఎప్పుడు చూసినా ఆ రెండు అంకెలే. మీ 35.0 చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. బాధపెట్టాలని కాదు అక్కా. ఆ షీట్లు చూసినవాళ్లు ఎవరైనా ముందే ఆగి అడిగి ఉంటే బాగుండేదని ఇక్కడ ఇప్పటికీ అనుకుంటారు. మీ అసెసర్ అడిగారు.

ఇంకో సంగతి. నీళ్లు చెడ్డాయన్న రిపోర్టును ల్యాబ్ అప్పుడు నీళ్ల సంస్థకే పంపింది, ఆరోగ్య శాఖకు చెప్పలేదు. ఇప్పుడు చట్టం మారింది. రిజల్ట్ తేడాగా వస్తే మేం వెంటనే హెల్త్ యూనిట్‌కి ఫోన్ చేసి మనిషితో మాట్లాడాలి, ఆ తర్వాత రాతపూర్వకంగా పంపాలి. ఏడాదికి కనీసం రెండుసార్లు ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, అందులో ఒకటి చెప్పకుండా వస్తారు. అలా వచ్చినప్పుడు మా వర్క్‌షీట్ మీద కొట్టివేతలు ఉంటే ఏమీ అనరు. అస్సలు లేకపోతే కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

బెంచి_కెమిస్ట్:

పాత_బ్యూరెట్ సార్, మీరు చెప్పాక నిన్న సాయంత్రం అందరూ వెళ్లిపోయిన తర్వాత వెతికాను. శాంపిల్ పోసి స్పెక్ట్రోలో పెట్టే క్యూవెట్ల డబ్బా కింద పదకొండు చిట్టీలు దొరికాయి. పది రిజిస్టర్‌తో సరిపోయాయి. పదకొండోది సరిపోలేదు.

అది ఒక స్కూల్ బోరు శాంపిల్. చిట్టీ మీద ఫ్లోరైడ్ 0.81 (లీటరుకు మిల్లీగ్రాములు) అని ఉంది, మూలన చిన్నగా "25→50" అని ఉంది. నా రాతే. ఆ రోజు గుర్తొచ్చింది. రియేజెంట్ పోయగానే ఎరుపు బాగా వెలిసిపోయింది, రీడింగ్ కర్వ్ దాటిపోయింది. అందుకని 25 మిల్లీలీటర్లు తీసుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో 50 చేసి మళ్లీ చదివాను. అంటే 0.81ని రెండుతో గుణించాలి. సాయంత్రం ఎక్కించేటప్పుడు ఆ మూలన ఉన్నది చూడలేదు. రిజిస్టర్‌లో 0.81 పడింది, రిపోర్టులోనూ 0.81 వెళ్లింది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1.0 లోపల ఉంటే మంచి నీళ్లే. నిజానికి 1.62. వేరే నీళ్లు దొరకని చోట ఒప్పుకునే గరిష్ఠ హద్దు 1.5, దాన్ని కూడా దాటింది.

ఆ రిపోర్టు వెళ్లి ఏడు వారాలయింది. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆ చిట్టీ తీసుకెళ్లి ఓనరు గారి ముందు పెట్టాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ స్కూలు ఎక్కడ?" అన్నారు. తన బండి మీద ఆయనే వెళ్లి ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చారు. రెండుసార్లు చేశాను, పక్కన తెలిసిన స్టాండర్డ్ ఒకటి పెట్టుకుని. 1.59, 1.61.

కొత్త రిజిస్టర్లు టేబుల్ మీద నుంచి తీసేశారు. రాయమని మళ్లీ అనలేదు.

క్యూఎం_అక్క:

హైదరాబాద్‌లో క్వాలిటీ మేనేజర్‌ని. బాగా చేశావమ్మా. ఇక రాతపని చెప్తాను.

స్కూలుకి వెళ్లిన పాత రిపోర్టును చింపేసి కొత్తది ఇవ్వడం కాదు. అదే ఐఎస్‌ఓ 17025లో 7.8.8 ప్రకారం సవరించిన రిపోర్టు ఇవ్వాలి. పాత నంబరు, పాత తేదీ, ఏ విలువ ఎందుకు మారిందీ దాని మీదే ఉండాలి. ఫోన్ చేసి ఊరుకోకండి, హెడ్‌మాస్టర్ చేతికిచ్చి సంతకం తీసుకోండి. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదని, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుందని కూడా చెప్పండి. చాలామంది కాచి ఇస్తే చాలనుకుంటారు.

ఎన్‌సీ జవాబులో కారణం దగ్గర "ఎనలిస్ట్ పొరపాటు" అని రాయొద్దు. దాన్ని ఏ అసెసరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. చిట్టీ మీద ఎందుకు రాశావు? మెషీన్ పక్కన రిజిస్టర్ ఎందుకు లేదు? అక్కడి నుంచి మొదలుపెట్టు.

పండగ రోజుల లాగ్‌ని తిరగరాయకు. ఆ మూడు వరుసల మీద ఒక్కో గీత కొట్టు, కింద అంకె కనపడాలి. పక్కన "సెలవు, రీడింగ్ తీయలేదు, తర్వాత నింపినది" అని రాసి ఇవాళ్టి తేదీతో సంతకం పెట్టు. వైట్‌నర్ ల్యాబ్‌లోనే ఉండొద్దు. ఇంక్యుబేటర్ ఖాళీగా ఉంటే "ఖాళీ" అని రాస్తే చాలు, అది తప్పేమీ కాదు. సెలవుల్లో ప్లేట్లు లోపల ఉంటే మాత్రం ఉష్ణోగ్రతను దానంతటదే రాసుకునే డేటా లాగర్ పెట్టించండి.

బెంచి_కెమిస్ట్:

అక్కా, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఇప్పుడే తట్టింది. రిజిస్టర్ ఓనరు గారి గదిలో బీరువాలో ఉంటుంది. మొదట్లో ఒకసారి దాని మీద యాసిడ్ పడి రెండు పేజీలు పాడయ్యాయి, అప్పటి నుంచి లోపల పెట్టి తాళం వేస్తున్నారు. సాయంత్రం ఐదుకు ఇస్తారు. అందుకే చిట్టీలు! రెండున్నరేళ్లుగా ఆ తాళం రోజూ చూస్తూనే ఉన్నాను.

ఇంకో భయం ఉంది. దొరికింది పదకొండు చిట్టీలే. మిగతావన్నీ పారేశాను. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుంది?

పాత_బ్యూరెట్:

కంగారుపడకు, దీనికి దారి ఉంది. స్పాడ్న్స్ పద్ధతిలో, అంటే ఎరుపు ఎంత వెలిసిందో చూసి ఫ్లోరైడ్ లెక్కకట్టే దాంట్లో, నువ్వు డైల్యూట్ చేసేది రీడింగ్ 1.4 దాటినప్పుడే కదా. నువ్వు కలిపేది సగానికి సగం. అంటే గుణించడం మరిచిపోయి ఎక్కించిన అంకె ఏదైనా 0.7 కంటే తక్కువ ఉండే వీల్లేదు. కాబట్టి 0.7 కంటే తక్కువ రిపోర్టు చేసినవి ఈ తప్పుకి దొరకవు, వాటిని పక్కన పెట్టు. 0.7 నుంచి 1.4 మధ్య వెళ్లినవన్నీ అనుమానమే. అవి జాబితా రాసుకుని మళ్లీ నీళ్లు తెప్పించి చేయి. స్కూళ్లు, అంగన్‌వాడీలు ముందు. శాశ్వత దంతాలు లోపల తయారవుతున్న వయసు పిల్లలు తాగే నీళ్లు అవి. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ల మీద మచ్చ పడితే మళ్లీ పోదు. మన నెల్లూరు వైపు ఊళ్లలో ఎముకలు వంగిపోయిన మనుషుల గురించి 1937లోనే డాక్టర్లు రాశారు. ఈ నేల మీద ఫ్లోరైడ్ అంకె రాసేటప్పుడు చేయి నిదానించాలి.

ఈ జాబితానే ఎన్‌సీ జవాబుకి జత చేయి. తప్పు ఎంత దూరం పాకిందో మీరే వెతికారని అంతకంటే రుజువు అక్కర్లేదు.

బెంచి_కెమిస్ట్:

లెక్క వేశాను సార్. పోయిన ఆరు నెలల్లో 0.7 నుంచి 1.4 మధ్య నలభై మూడు ఉన్నాయి. అందులో స్కూళ్లు, అంగన్‌వాడీలు తొమ్మిది.

ఫ్లోరైడ్ పుస్తకం ఇవాళ్టి నుంచి స్పెక్ట్రో పక్కనే ఉంది, పేజీ నంబర్లు వేసి, మీద ప్లాస్టిక్ షీటు కప్పి. డైల్యూషన్‌కి విడిగా ఒక గడి గీశాను. ఖాళీగా వదలడానికి లేదు, చేయకపోతే "లేదు" అని రాయాలి. మధ్యాహ్నం ఒక అంకె తప్పు రాసి గీత కొట్టి సంతకం పెట్టాను.

స్కూలు హెడ్‌మాస్టర్ గారు సవరించిన రిపోర్టు తీసుకుని, "పిల్లలు ఈ చేతిపంపు నీళ్లు ఏడు వారాలు తాగారమ్మా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తాగడానికి క్యాన్లు తెప్పిస్తున్నారట, పంపుకి గొలుసు వేయించారు.

రేపు పొద్దున ఆరింటికి ఓనరు గారూ నేనూ మిగతా ఎనిమిది చోట్లకీ బయల్దేరుతున్నాం. సీసాలు కడిగి ఆరబెట్టాను.