పిల్లతో ఆల్పైన్ లూప్ కొండదారి ఎక్కొచ్చా?

జులైలో డాలస్ నుంచి మోటర్‌హోమ్‌లో కొలరాడో వెళ్తున్నాం. లేక్ సిటీలో వారం రోజులు మకాం. అక్కడ సైడ్-బై-సైడ్ బండి (పక్కపక్కన కూర్చుని కొండదారుల్లో నడిపే చిన్న నాలుగు చక్రాల బండి) అద్దెకు తీసుకుని, సినమన్ పాస్ (కనుమ) ఎక్కి, ఆనిమస్ ఫోర్క్స్‌లో పాడుబడ్డ గనుల ఊరు చూసి, ఇంజనీర్ పాస్ మీదుగా ఆల్పైన్ లూప్ చుట్టి తిరిగి రావాలని ఆలోచన. రెండు పాస్‌లూ 12,600 అడుగుల పైనే.

పోయినేడు ఇంతకంటే చిన్న కొండదారిలోనే ఎదురుగా జీపొచ్చింది. పక్కన లోయ చూసి మా ఆవిడ నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్ల గుర్తులు వారంపాటు పోలేదు!

వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. ఏ పాస్ ముందు ఎక్కితే తేలిక? మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యేలోపు కిందికి దిగాలంటే పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి? అసలు భయం మా ఎనిమిదేళ్ల పాప గురించే, ఆ ఎత్తులో తలనొప్పి, వాంతులు వస్తాయేమోనని. ముందు రెండ్రోజులు ఊళ్లోనే ఆగితే సరిపోతుందా? తన సైజు హెల్మెట్ అక్కడ దొరుకుతుందా, ఇక్కడే కొనుక్కెళ్లాలా?