డ్యామేజ్ అని రాయాలా, డ్యామేజెస్ అనా?

మాది పలాస దగ్గర పల్లె. మొన్నటి గాలివానకు మా బాబాయి జీడి షెడ్డు రేకులు లేచిపోయాయి. బస్తాల్లో పిక్కలు తడిసి బూజు పట్టాయి. బీమా క్లెయిమ్‌కి ఇంగ్లిషు ఉత్తరం నా నెత్తిన పడింది. రేకులకు ‘డ్యామేజ్’ అని రాశాను. పక్కింటి మాస్టారు ‘డ్యామేజెస్’ అని పెట్టమంటున్నారు, రేకులు చాలా ఉన్నాయి కాబట్టి బహువచనమట! కానీ చట్టం భాషలో అది నష్టపరిహారం సొమ్ము కదా? 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్‌లో కూడా నష్టానికి ‘లాస్ ఆర్ డ్యామేజ్’ అనే ఉంది.

అసలు టెన్షన్ పిక్కల గురించి. ‘స్పాయిల్డ్’ అని రాస్తే మేమే సరిగ్గా దాచలేదని అనుకుంటారా? ‘వాటర్ డ్యామేజ్’ అంటే నయమా? సోమవారం సర్వేయర్ వస్తారట. ఇలాంటి క్లెయిములు రాసినవాళ్లు కాస్త చెప్పండి.