స్పానిష్ కారు రిపేర్ ఎస్టిమేట్‌ను ఇంగ్లీషులోకి మార్చాలి: బాడీ పార్టుల పేర్లలో సాయం కావాలి

తిరుపతి_అనువాదం:
నమస్కారం. తిరుపతిలో ఇంటి నుంచే స్పానిష్ అనువాదాలు చేస్తుంటాను, ఎక్కువగా ఇన్సూరెన్స్ కాగితాలు. ఇప్పుడు వలెన్సియాలోని ఒక షెడ్డు రాసిన ఎస్టిమేట్ వచ్చింది. కారుకి ఎడమ పక్కంతా దెబ్బ. చదివేది ఇంగ్లండ్‌లోని క్లెయిమ్స్ ఆఫీసు.

కపో బానెట్, మలెతేరో డిక్కీ, వీటితో ఇబ్బంది లేదు. 'అలేతా' దగ్గర ఆగిపోయాను. డిక్షనరీ చేప రెక్క అంటుంది. మడ్‌గార్డ్ అని అర్థమవుతోంది కానీ ముందూ వెనకా రెండు చోట్లా అదే మాట ఉంది. 'అపరేహో' అంటే ఓడ తాళ్ళూ కప్పీలూ అట, ఇక్కడేమో పెయింటింగ్ కింద రాశారు. ముందు తలుపుకి ఎదురుగా 'దెస్మోంతార్ ఇ మోంతార్' అని ఉంది. రీప్లేస్ అని రాసేయమని తోటి అనువాదకురాలు చెప్పింది, నాకు మనసొప్పడం లేదు. ఒక్క మాట తేడా వస్తే ఎవరికో రావలసిన డబ్బు ఆగిపోతుంది.

చిత్తూరు_టింకరింగ్:
అమ్మా, నాకు స్పానిష్ రాదు గానీ ఈ పని తెలుసు. ముందు మడ్‌గార్డ్ బోల్టుల మీద ఉంటుంది, విప్పి కొత్తది బిగించొచ్చు. వెనకది బాడీతో కలిపి వెల్డింగ్ చేసి ఉంటుంది, మేం క్వార్టర్ ప్యానెల్ అంటాం. అది మార్చాలంటే కోసి మళ్ళీ వెల్డింగ్ పెట్టాలి, టెయిల్ లైటు, లోపలి ట్రిమ్ అన్నీ విప్పాలి. లేబర్ గంటలు చూడండి, వెనకదానికి బాగా ఎక్కువ వేసుంటారు.

రెండోది, ఆ అపరేహో, ఏ వరసలో ఉందో చెప్పండి. లప్పం పెట్టి రుద్దిన తర్వాత, కలర్‌కి ముందు ఉంటే అది సర్ఫేసర్. రుద్దిన గీతలు నింపే కోటింగ్. అది సరిగ్గా పడకపోతే పైన ఎంత మంచి కలర్ కొట్టినా లప్పం అంచు తెలిసిపోతుంది.

తిరుపతి_అనువాదం:
అదే వరస అన్నా! మసియా అంటే లప్పం, తర్వాత అపరేహో, కలర్, ఆఖర్న బర్నీస్. అంటే బర్నీస్ క్లియర్ కోటు, కలర్ మీద కొట్టే రంగులేని పూత అన్నమాట. గంటలు కూడా మీరన్నట్టే ఉన్నాయి.

కుప్పం_స్పానిష్:
అక్కా, బ్రిటన్ వాళ్ళకైతే ఫ్రంట్ వింగ్, రియర్ వింగ్ అని రాయొచ్చు. అమెరికాకైతే ముందుది ఫెండర్, వెనకది క్వార్టర్ ప్యానెల్. అక్కడ రియర్ ఫెండర్ అంటే బోల్టులు విప్పితే ఊడొచ్చేదని అనుకునే ప్రమాదం ఉంది.

తలుపు విషయంలో మీ అనుమానమే కరెక్ట్. ఉన్న తలుపునే విప్పి మళ్ళీ బిగించడం అది: రిమూవ్ అండ్ రీఫిట్. కొత్తది వేస్తే 'సుస్తిత్విర్' అని రాస్తారు. రీప్లేస్ అని పెడితే కొత్త తలుపు బిల్లు ఏదని అడుగుతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎడమ పక్కకి లెఫ్ట్ అనే రాయండి. బ్రిటన్ షెడ్లలో నియర్‌సైడ్ అంటారు, అంటే ఫుట్‌పాత్ వైపు. వాళ్ళూ మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడుపుతారు కాబట్టి అక్కడ అది ఎడమ. స్పెయిన్‌లో నడిపేది కుడివైపు, ఫుట్‌పాత్ కారుకి కుడి పక్కన. నియర్‌సైడ్ అని రాస్తే దెబ్బ ఏ పక్కో తేలదు.

మెక్సికో కాగితం వస్తే మాత్రం పదాలు మళ్ళీ వేరు. అక్కడ బానెట్ కోఫ్రే, డిక్కీ కహువేలా, బంపర్ దెఫెన్సా. 'సల్పికదేరా' అక్కడ మడ్‌గార్డ్, స్పెయిన్‌లో 'సల్పికదేరో' డాష్‌బోర్డు. దీంతో చాలా జాగ్రత్త.

తిరుపతి_అనువాదం:
లెఫ్ట్ అనే పెడతాను. ఇంకొక్కటి మిగిలింది: 'ఫల్దోన్', తలుపుల కింద ఉండే భాగం. సిల్ అనాలా, సైడ్ స్కర్ట్ అనాలా?

చిత్తూరు_టింకరింగ్:
రేకుదా ప్లాస్టిక్‌దా చూడాలమ్మా. క్లిప్పుల మీద కూర్చునే ప్లాస్టిక్ కవర్ అయితే స్కర్ట్. బాడీలో భాగమైన రేకు అయితే సిల్. ఆ లైన్లో సొట్ట తీయడమో వెల్డింగో ఉంటే రేకుదే. పార్ట్ నంబరు ఉంటే పంపండి, చూసి చెప్తాను.