కిచెన్ కేబినెట్లు ఖాళీ చెయ్యాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

నిజాంపేట కోడలు
అందరికీ నమస్తే. మాది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. కిచెన్‌లో పైనా కిందా కలిపి 11 తలుపులు, 3 డ్రాయర్లు. అయినా మొన్న కొన్న కుక్కర్ పెట్టే చోటు లేక వారం నుంచి డైనింగ్ టేబుల్ మీదే ఉంది. దసరాకి బూజులు దులపడానికి ఎలాగూ అన్నీ దించాలి. ఈసారి దించినవన్నీ మళ్ళీ ఎక్కించకూడదని పట్టుబట్టి కూర్చున్నాను. మీరెలా చేశారు? వీడియోల్లో చూస్తే అందరివీ ఒకే రకం గాజు సీసాలు, తెల్ల స్టిక్కర్లు. జంతికల గొట్టం ఎక్కడ పెడతారో మాత్రం ఒక్కరూ చూపించరు.

గోదారి గట్టు
అమ్మాయ్, అన్నీ ఒకేరోజు దించకు. నేను ఆ పని చేసి, వంటింట్లో కాలు పెట్టే చోటు లేక ఇంటిల్లిపాదికీ హాల్లో పెరుగన్నం పెట్టాను. రోజుకొక అర చాలు. ముందు మూతలు తియ్యి. నవ్వకు. మా ఇంట్లో 31 మూతలు తేలాయి, వాటికి గిన్నెలు 19. మిగతా 12 ఏ గిన్నెలవో ఆ దేవుడికే తెలియాలి. పాల మీదా చారు మీదా వేసుకోవడానికి మూడు ఉంచి, తొమ్మిది పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

తర్వాత డబ్బాల సంగతి చూడు. మా అత్తగారి రోజుల్లో ఏడాదికి సరిపడా కందిపప్పు కొని, ఆముదం పట్టించి, ఎండబెట్టి పెద్ద డబ్బాలకెత్తేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరమే, నెలకి కిలో కూడా అవ్వదు. కానీ ఆ డబ్బా అలాగే ఉంది, అడుగున ప్యాకెట్ పడేసి. నువ్వూ ఒకసారి చూసుకో, సగం చోటు డబ్బాల్లోని గాలే తినేస్తుంటుంది.

డల్లాస్‌లో ఉప్మా
గోదారి గట్టు ఆంటీ, ఆ డబ్బాలోని గాలి మాట నిజం. ఇక్కడ మా బాధ పొడులు. అమ్మ వచ్చిన ప్రతిసారీ సూట్‌కేసులో సగం కారప్పొడి, నల్లకారం, కరివేపాకు పొడి. అయిపోకముందే మళ్ళీ వస్తాయి. మొన్న పై అర చివర 2019 నాటి సాంబారు పొడి దొరికింది. మూత తీస్తే వాసనే లేదు. ఇప్పుడు వచ్చిన రోజే టేపు ముక్క మీద నెల, సంవత్సరం రాసి అతికిస్తున్నా. కొత్తది వెనక్కి, పాతది ముందుకి.

ఇంకోటి, స్టవ్‌కి సరిగ్గా పైనున్న కేబినెట్‌లో పొడులు పెట్టకండి. చేతికి అందుతుందని అందరం అక్కడే పెడతాం. ఆ వేడికీ ఆవిరికీ కారం రంగు వెలిసిపోతుంది, ధనియాల పొడి గడ్డకడుతుంది. నేను అక్కడ ప్లేట్లు పెట్టాను.

వడ్రంగం మాది
మేడమ్, సర్దే ముందు రెండు విషయాలు. మూడడుగుల అరకి మధ్యలో ఆధారం లేకపోతే ఇత్తడి బిందెలు, రుబ్బురోలు లాంటివి పెట్టొద్దు, కొన్నాళ్ళకి నడుం వంగుతుంది. బరువైనవి అన్నీ కిందికే. పై నుంచి కుక్కర్ దించబోయి నెత్తి పగలగొట్టుకున్న ఇల్లు నేను చూశాను.

రెండోది సిలిండర్. 14.2 కిలోల గ్యాసు, ఖాళీ సిలిండరు బరువుతో కలిపి దాదాపు 30 కిలోలు. చాలామంది దాన్ని కేబినెట్‌లో పెట్టి, పక్కన సందులో పాత పేపర్లూ, కవర్లూ కుక్కేస్తారు. గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. ఆ తలుపుకి అడుగున గాలి ఆడే జాలీ ఉండాలి, దాని ముందు ఏమీ అడ్డం పెట్టకూడదు. సింకు కింద అరలో కూడా పప్పులూ పిండీ వద్దు, పైపు చెమ్మ ఎప్పుడూ ఉంటుంది.

నిజాంపేట కోడలు
మూతలు లెక్కపెట్టాను. 24! గిన్నెలు 16. ఆంటీ, దండం.
అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. పై అరలో రెండు గోనె సంచుల స్టీలు గిన్నెలు. మా అత్తయ్యగారి పెళ్ళికి వచ్చిన కానుకలు. అన్నిటికీ పేర్లు కొట్టించి ఉన్నాయి, చుక్కలు చుక్కలుగా. ఒక్కటి కూడా వాడం. వాడకపోయినా ఇవ్వనివ్వరు.

కొత్తపేట రాణి
పాతవి తూకానికి ఇచ్చి, కొత్తది ఒక పెద్ద గిన్నె తీసుకోవచ్చు. మా వీధిలో అదే చేస్తారు.

గోదారి గట్టు
రాణీ, అది తూకం లెక్క. ఆవిడకి అది పేర్ల లెక్క. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తియ్యి, నువ్వొక్కదానివే తియ్యకు. నీకు తెలీకుండా ఒకటి పోయినా ఏడాదంతా వినాలి.

నిజాంపేట కోడలు
చెప్పినట్టే చేశాను. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు పట్టింది. ఒక్కో గిన్నె తిప్పి, పేరు చదివి, ఆ దంపతులు ఏ ఊరు, పెళ్ళిలో ఏం గొడవ చేశారో చెప్పారు. గొడవ చేసినవాళ్ళ గిన్నెలు ఆవిడే తీసి పక్కన పెట్టేశారు! మొత్తం 38లో 21 బయటికి వెళ్ళాయి. కుక్కర్ లోపలికి వచ్చింది. జంతికల గొట్టం, గుంతపొంగణాల పెనం, అప్పడాల కర్ర అన్నీ ఒకే బుట్టలో, ఆ బుట్ట కింది కార్నర్‌లో. పండక్కి బుట్టే బయటికి లాగడం.

ఒక్క గిన్నె మాత్రం గట్టు మీదే ఉంది. దాని మీద పేరు అరిగిపోయి, చివర 'దంపతులు' అన్నదొక్కటే మిగిలింది. ఎవరిదో గుర్తొచ్చాక ఇచ్చేద్దాం అంటున్నారు. ప్రస్తుతానికి దాన్లో పెరుగు తోడు పెడుతున్నారు.