తొమ్మిదేళ్ల అనుభవం ఉంది, ఇప్పుడు సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్ కోర్సు) మొదలుపెట్టొచ్చా?

అందరికీ నమస్తే. మాది అనంతపురం. బీకాం అయ్యాక ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర చేరి తొమ్మిదేళ్లయింది. మా క్లయింట్లలో చీనీకాయల వ్యాపారులు, బట్టల షాపుల వాళ్లు ఎక్కువ. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-3బీకి 20 ఆఖరు తేదీ కదా, 19 రాత్రి పదింటికి కూడా ఎవరో ఒకరు ప్లాస్టిక్ కవర్లో నలిగిన బిల్లులు తెచ్చి టేబుల్ మీద కుమ్మరిస్తారు. అది అలవాటైపోయింది.

టెన్షన్ అంతా కొత్త ఆదాయపు పన్ను చట్టంతోనే. 2026 ఏప్రిల్ 1 నుంచి 819 సెక్షన్లు పోయి 536 వచ్చాయి. ఎల్ఐసీ, పీఎఫ్ లాంటి పొదుపులకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్, నిద్రలో లేపినా చెప్పే 80సి ఇప్పుడు 123. 2025-26 ఆదాయానికి వేసే రిటర్నులకేమో పాత చట్టమే, రెండూ బుర్రలో ఉండాలి! మొన్న క్లయింటు ముందే తప్పు నంబరు చెప్పాను. సార్ నవ్వి ఊరుకున్నారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

ఎలాగూ మళ్లీ చదవాలి కదా అని సీఎంఏలో రెండో దశ ఇంటర్ అనుకుంటున్నా. డిగ్రీ ఉంది కాబట్టి మొదటి దశ ఫౌండేషన్ అక్కర్లేదు. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం మానలేను. ఇలా పని చేస్తూ పాసైన వాళ్లున్నారా? జూన్‌లో ఒక గ్రూపు, డిసెంబర్‌లో ఒకటి రాశారా, రెండూ కలిపి రాశారా? పాత, కొత్త సెక్షన్లు పక్కపక్కన పెట్టి తెలుగులో చెప్పే క్లాసులు ఏవైనా ఉంటే అవీ చెప్పండి.