జీఆర్ఈకి 18 రోజులే ఉంది, ప్రాక్టీస్‌లో 294 వచ్చింది: ఏం చేయాలి?

ఇర్వింగ్, టెక్సాస్ నుంచి

అక్కలకు, అన్నలకు నమస్కారం. మాది నిజామాబాద్ దగ్గర ఒక ఊరు. పెళ్లయి హెచ్4 మీద, అంటే మా ఆయన ఉద్యోగ వీసాకి డిపెండెంట్‌గా, వచ్చి నాలుగు నెలలైంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత హైదరాబాద్‌లో బీటెక్. ఇక్కడ మాస్టర్స్ చేద్దామని, దాని అడ్మిషన్‌కి అడిగే జీఆర్ఈ పరీక్షకి ఫీజు కట్టాను. పరీక్షకు ఇంకా 18 రోజులే ఉంది. నిన్న పవర్‌ప్రెప్ (పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్ల ప్రాక్టీస్ టెస్ట్) మొదటిది రాస్తే క్వాంట్, అంటే లెక్కలు, 152, వెర్బల్, అంటే ఇంగ్లీషు, 142, మొత్తం 294 వచ్చింది. నేను చేరాలనుకునే డిపార్ట్‌మెంట్ వాళ్లు 305 దాకా ఉంటే మంచిదన్నారు. రెండు నెలల నుంచి రోజుకు యాభై పదాలు బట్టీ పడుతున్నాను, అయినా ఇంతే. రాత్రంతా నిద్ర లేదు. మా ఆయనకి కూడా స్కోర్ చెప్పలేదు. డేట్ మార్చుకోనా, ఉన్నదానితో రాసేయనా? దయచేసి చెప్పండి.

రాలీ, నార్త్ కరోలినా నుంచి

చెల్లెమ్మా, ముందు మీ ఆయనకి చెప్పు. ఇంట్లో దాచుకుని చదివే చదువు తలకెక్కదు. డేట్ సంగతి ఇవాళే తేల్చక్కర్లేదు. పరీక్షకు నాలుగు రోజుల ముందు దాకా మార్చుకునే వీలుంది, దానికి వేరే ఫీజు పడుతుంది. కాబట్టి వారం రోజుల ముందు రెండో పవర్‌ప్రెప్ టెస్ట్ రాసి, ఆ స్కోర్ చూసి నిర్ణయించుకో. ఉచితంగా వచ్చేవి ఆ రెండే. కంగారులో రేపే రెండోది కూడా రాసేయకు.

నేను కూడా తెలుగు మీడియం నుంచే వచ్చాను. 2016లో నేను రాసినప్పుడు సరిగ్గా నీలాగే మూడు వారాల ముందు ప్రాక్టీస్‌లో 297 దగ్గర ఆగాను. అప్పుడు నాకు తెలియక చేసిన తప్పు ఏమిటంటే, మొదటి వారం మొత్తం కొత్త పదాల మీదే పెట్టాను. ఇంకో టెస్ట్ రాస్తే ఒక్క పాయింట్ పెరిగింది. ఆ తర్వాత రెండు వారాలు నా తప్పులు తప్ప ఇంకేమీ చదవలేదు. అసలు పరీక్షలో 308 వచ్చింది, పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం క్వాంట్‌లోనే.

అందుకే చెబుతున్నాను, ఈ రోజు కొత్త పుస్తకం తెరవొద్దు. నిన్నటి టెస్ట్ తెరువు. క్వాంట్‌లో మొత్తం 27 ప్రశ్నలు కదా, తప్పు పోయిన ప్రతిదాన్నీ టైమర్ లేకుండా మళ్లీ చెయ్యి. చేశాక పక్కన ఒక్క మాట రాయి: లెక్క రాక పోయిందా, వచ్చి కూడా తొందరలో పోయిందా, టైమ్ చాలక పోయిందా? ఈ మూడింటికీ మందులు వేరు. అన్నిటికీ కలిపి 'ఇంకా ప్రాక్టీస్ చేయాలి' అనుకుంటే 18 రోజులు ఇట్టే అయిపోతాయి.

జీఆర్ఈ క్వాంట్‌లో మన ఇంటర్ లెక్కలు ఉండవు. ట్రిగొనామెట్రీ లేదు, కాలిక్యులస్ లేదు. శాతాలు, నిష్పత్తులు, సమీకరణాలు, త్రిభుజాలు, సగటు, సంభావ్యత, గ్రాఫులు, అంతే. మనవాళ్లకి మార్కులు పోయేది లెక్క దగ్గర కాదు, ప్రశ్న చదవడం దగ్గర. ముఖ్యంగా రెండు విలువల్లో ఏది పెద్దదో పోల్చమనే ప్రశ్నల్లో. ఉదాహరణకి ఎక్స్ స్క్వేర్ 16 అని ఇచ్చాడనుకో. పోల్చాల్సిన రెండింటిలో 'ఏ' అంటే ఎక్స్, 'బీ' అంటే 4. చూడగానే 'రెండూ సమానం' అని నొక్కేస్తాం. ఎక్స్ మైనస్ 4 కూడా కావచ్చు కదా! అప్పుడు బీ పెద్దది. కాబట్టి 'చెప్పలేం' అన్నదే జవాబు. అలాగే ఎక్స్ సున్నా కంటే ఎక్కువ అని చెప్పి, ఎక్స్ స్క్వేర్ పెద్దదా ఎక్స్ పెద్దదా అంటాడు. 2 వేసి చూస్తే స్క్వేర్ పెద్దది, 1 వేస్తే సమానం, అర వేస్తే ఎక్స్ పెద్దది. పూర్ణాంకం అని ప్రశ్నలో చెప్పలేదు, మనమే అనుకున్నాం. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా ఒక మైనస్ సంఖ్య, సున్నా, ఒకటి, అర, ఒక పెద్ద సంఖ్య, ఈ ఐదింటిలో ప్రశ్న ఒప్పుకునేవన్నీ వేసి చూసే అలవాటు చేసుకో. నాకు నాలుగైదు పాయింట్లు ఒక్క ఈ అలవాటు వల్లే వచ్చాయని నమ్ముతాను.

ఇంకో సంగతి. పరీక్ష 2023 సెప్టెంబర్ నుంచి చిన్నదైంది, మొత్తం గంటా 58 నిమిషాలే, మధ్యలో విరామం లేదు. క్వాంట్ మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండో దాంట్లో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు. మొదటి సెక్షన్ ఎలా చేశావన్న దాన్నిబట్టి రెండో సెక్షన్ ఎంత కష్టంగా రావాలో నిర్ణయిస్తారు. అందుకని ఆ మొదటి పన్నెండు చాలా విలువైనవి. రోజూ పొద్దున ఇంకే పనీ పెట్టుకోకముందు 12 ప్రశ్నలు, 21 నిమిషాలు పెట్టుకుని చెయ్యి. రోజూ ఫుల్ టెస్ట్ రాయొద్దు, అలసట తప్ప ఏమీ మిగలదు. పాత పుస్తకాల్లో రెండు వ్యాసాలు, దాదాపు నాలుగు గంటల పరీక్ష అని ఉంటుంది. ప్రశ్నల కోసం అవి పనికొస్తాయి, టైమింగ్ మాత్రం వాటిని చూసి పెట్టుకోకు.

వెర్బల్ గురించి కూడా చెప్పాలి. రోజుకు యాభై పదాలు ఆపేయి. నేర్చుకున్నవి రోజూ తిరగేస్తే చాలు. మనకి అసలు దెబ్బ కొత్త పదాల దగ్గర కాదు, తెలుగులో రోజూ వాడుకునే ఇంగ్లీషు పదాల దగ్గర తగులుతుంది. 'లోన్ శాంక్షన్ అయింది' అంటాం, అంటే మంజూరు. అదే శాంక్షన్‌కి ఆంక్ష అనే అర్థం కూడా ఉంది, పేపర్లో ఆర్థిక ఆంక్షలు అని చదివేది దాన్నే. వాక్యం చూడకుండా అర్థం పట్టలేం. 'క్వాలిఫై అయ్యాడు' అంటే మనకి నెగ్గినట్టు. జీఆర్ఈలో క్వాలిఫైడ్ ప్రెయిజ్ అంటే మనసారా మెచ్చుకోవడం కాదు, 'బాగుంది, కానీ' అంటూ మెచ్చుకోవడం. టెంపర్ అంటే మనకి కోపం, అక్కడ తీవ్రత తగ్గించడం. ఫ్లాగ్ అంటే జెండా ఒక్కటే కాదు, నీరసపడిపోవడం కూడా. ఇలాంటివి ఒక నలభై ఏరి విడిగా రాసుకో. తెలుసు అనుకునే పదాన్ని మనం అనుమానించం, అక్కడే పోతుంది.

ఖాళీలు పూరించేటప్పుడు ఆప్షన్లు చేత్తో మూసేయి. వాక్యంలో ఆల్దో, డిస్పైట్, ఫార్ ఫ్రమ్ లాంటి మలుపు ఎక్కడుందో చూడు. ఖాళీలో ఏ అర్థం రావాలో ముందు తెలుగులోనే అనుకో, 'ఇక్కడ తిట్టినట్టు ఉండాలి', 'ఇక్కడ తగ్గినట్టు ఉండాలి' అని. ఆ తర్వాతే చెయ్యి తీసి ఆప్షన్లు చూడు. మొదట్లో ఆలస్యమవుతుంది, నాలుగు రోజుల్లో వేగం వస్తుంది. వెర్బల్‌లో ఈ రెండు వారాల్లో నాలుగైదు పాయింట్లు పెరిగితే గొప్ప సంగతే, మిగతాది క్వాంట్ నుంచి లాగాలి.

వ్యాసం ఒక్కటే ఉంది, 30 నిమిషాలు. అంశాల జాబితా మొత్తం ఈటీఎస్ వాళ్ల సైట్‌లోనే ఉంటుంది. వారానికి రెండు రాస్తే సరిపోతుంది, కానీ స్పెల్ చెక్ లేకుండా టైప్ చెయ్యి, అక్కడ ఉండదు.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

పై అన్నయ్య అంతా చెప్పేశారు. ఒక్క జాగ్రత్త. ఇంట్లోంచి రాసే పరీక్షకి 'మేం చూసుకుంటాం, డబ్బు పంపండి' అని వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తాయి. స్కోర్ తక్కువ వచ్చిందని తెలిసిన వాళ్లకి మరీ ఎక్కువగా వస్తాయి. నాకు తెలిసిన ఒకబ్బాయి అలా డబ్బు కట్టాడు, స్కోర్ క్యాన్సిల్ అయింది, ఆ ఏడాది అడ్మిషన్ పోయింది. దయచేసి అటు చూడొద్దమ్మా. తక్కువ వస్తే 21 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు, ఏడాదిలో ఐదు సార్ల దాకా రాయనిస్తారు. ఏ స్కోర్ పంపాలో కూడా మన ఇష్టమే. నువ్వు అనుకుంటున్నంత మునిగిపోయిందేమీ లేదు.

ఇంకా అప్లై చేయని యూనివర్సిటీల పేజీలు కూడా ఒకసారి చూడు. జీఆర్ఈ అడగని డిపార్ట్‌మెంట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. పంపాల్సిన చోటికే పంపుదువు.

ఇర్వింగ్ నుంచి మళ్లీ

అందరికీ చాలా థాంక్స్. రాత్రి మా ఆయనకి చెప్పాను. ఇద్దరం కూర్చుని టెస్ట్ మొత్తం తిరగేశాం. క్వాంట్‌లో 13 తప్పులు. అందులో నిజంగా రానివి నాలుగే, సంభావ్యతలో రెండు, గ్రాఫులో రెండు. ఆరు వచ్చి కూడా తప్పు చేసినవి. మిగతా మూడు ఖాళీగా వదిలేశాను, తప్పు రాస్తే మార్కులు కోస్తారేమోనని భయపడి.

రాలీ నుంచి

చెల్లెమ్మా, జీఆర్ఈలో నెగటివ్ మార్కులు లేవు! మన ఎంసెట్‌లో లేనట్టే ఇక్కడా లేవు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకు. రాకపోతే ఏదో ఒకటి నొక్కి, మార్క్ చేసి ముందుకెళ్లు, అదే సెక్షన్‌లో టైమ్ మిగిలితే వెనక్కి రావచ్చు. ఒక ప్రశ్న మీద రెండు నిమిషాలు దాటిందంటే వదిలేయి. నువ్వు చెప్పిన 13లో తొమ్మిది కొత్త చదువేమీ లేకుండా తిరిగి తెచ్చుకోగలిగినవే. ఈ వారం సంభావ్యత, గ్రాఫులు మాత్రం మొదటి నుంచి చదువు, మిగతా టాపిక్‌లు ముట్టుకోకు.

ప్లేనో, టెక్సాస్ నుంచి

నేను దగ్గర్లోనే ఉంటానమ్మా, నాకు ఇద్దరు పిల్లలు. పెళ్లయి వచ్చిన రెండేళ్లకి నేనూ ఇలాగే రాశాను. ఇంట్లో కుక్కర్ విజిల్స్ మధ్య టైమర్ పెట్టుకుని చదవడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో కార్డు తీసుకున్నావా? తీసుకోకపోతే అడ్రస్ ఉన్న కాగితం ఏదైనా పట్టుకుని రేపే వెళ్లు. జీఆర్ఈ పుస్తకాలు అక్కడే దొరుకుతాయి, కొనక్కర్లేదు. శనివారం పొద్దున నేను కూడా లైబ్రరీకి వస్తాను, పన్నెండు ప్రశ్నలు ఇద్దరం కలిసి చేద్దాం.

వచ్చేటప్పుడు పాస్‌పోర్ట్ తీసుకురా. ఈటీఎస్ అకౌంట్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. మనవాళ్ల ఇంటిపేర్లు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరాలతో ఉంటాయి కదా. పరీక్ష రోజు గుమ్మం దగ్గర తెలిస్తే ఏమీ చేయలేం, ఇప్పుడైతే వాళ్లకి ఫోన్ చేసి సరి చేయించుకోవచ్చు.

ఇర్వింగ్ నుంచి

తప్పకుండా వస్తాను అక్కా. పేరు ఇప్పుడే చూశాను, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉంది. రేపు పొద్దున ఫోన్ చేస్తాను.

ఇవాళ పొద్దున 12 ప్రశ్నలు 21 నిమిషాల్లో చేశాను. ఏదీ ఖాళీ వదల్లేదు. తొమ్మిది ఒప్పు, మూడు తప్పు. ఆ మూడింటిలో ఒకటి మళ్లీ మైనస్ వేసి చూడటం మర్చిపోయిందే. నోట్‌బుక్ మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో ఐదు సంఖ్యలూ రాసి పెట్టుకున్నాను.